గంటల్లో పట్టే విషం, ఏళ్లకు తేలే విషం

ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ముందు వచ్చే ప్రశ్న "రాత్రి ఏం తిన్నవ్?" అనే. హైదరాబాద్ పాతబస్తీలో దానికి జవాబులు కూడా సిద్ధంగా ఉంటాయి. మదీనా దగ్గర హలీం, చార్మినార్ కింద కోసి అమ్మిన బొప్పాయి ముక్కలు, శాలిబండలో బండి మీద మిర్చి బజ్జీ, దూరపు చుట్టాల వలీమాలో బిర్యానీ. చివర తిన్నది ఏదైతే అదే ముద్దాయి. ఇరుగుపొరుగు ఒప్పుకుంటారు, పేపర్లో వార్త వస్తుంది, మర్నాడు హోటల్ మీద దాడి జరుగుతుంది, వారం తిరిగేసరికి అందరూ మరిచిపోతారు.

తిండిలోని క్రిములు, విషాలు, కల్తీల మీద ఇన్నేళ్లుగా జరిగిన పరిశోధనను ఒకచోట పెట్టుకుని చూస్తే ఈ అలవాటు మనల్ని ఎంత పక్కదారి పట్టిస్తోందో అర్థమవుతుంది. కొన్ని విషాలు గంటల్లో పనిచేస్తాయి. కొన్ని క్రిములకు రోజులు పడుతుంది, కొన్నిటికి వారాలు. ఇంకొన్ని ఏళ్ల తరబడి లోపల పని చేసుకుంటూ పోతాయి. రాత్రి తిన్నదాని గురించి అడిగే ప్రశ్నకు మొదటి రకం దొరుకుతుంది, రెండోది సగం దొరుకుతుంది, మిగతా రెండూ అసలు దొరకవు. ఆ దొరకని రెండూ మనిషిని గట్టిగానే దెబ్బతీస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మొదటిసారి ఈ లెక్క కట్టింది. 31 రకాల క్రిములు, విషాల వల్ల ప్రపంచంలో ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారని, 4 లక్షల 20 వేల మంది చనిపోతున్నారని అంచనా వేసింది. ఆ చావుల్లో లక్షా పాతిక వేలు అయిదేళ్లలోపు పిల్లలవి. మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం వాటా ఏటా 15 కోట్ల జబ్బులు, లక్షా 75 వేల చావులు.

హైదరాబాద్‌లో ఉన్నట్టు, ఈ సమస్య మీద పనిచేసే సంస్థలు ఒకే ఊళ్లో ఇన్ని ఉండడం దేశంలో అరుదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల ఎదిగి, 1958లో ఇక్కడికి వచ్చింది. హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), చెంగిచర్లలో మాంస పరిశోధన సంస్థ, పటాన్‌చెరులో మెట్టపంటల మీద పనిచేసే ఇక్రిశాట్, నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉన్నాయి. చార్మినార్ నుంచి ఎటు బయల్దేరినా గంట, గంటన్నర ప్రయాణం. ఇంత శాస్త్రం చుట్టూ ఉన్న ఊళ్లో కామెర్లు, టైఫాయిడ్ ఏటా ఎందుకు తిరిగొస్తున్నాయన్నదే ఈ వ్యాసం తరచి చూసే ప్రశ్న.

గంటల లెక్క

పెళ్లి కార్డులో విందు ఎనిమిదింటికి అని ఉంటుంది. దస్తర్‌ఖాన్ పరిచేది పదకొండు దాటాక. వంట మధ్యాహ్నమే మొదలై ఉంటుంది. దమ్ మీద ఉన్నంతసేపు బిర్యానీకి ఏ ఢోకా లేదు. చిక్కంతా మిగిలిన అన్నాన్ని పెద్ద తాంబాళాల్లోకి తీసి, తెల్లారాక చుట్టాలకు డబ్బాల్లో పంచే వేళ వస్తుంది. బియ్యంలో మామూలుగానే ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గట్టి స్పోర్లుగా మారి, ఉడుకు నీళ్లను కూడా తట్టుకుని బతుకుతుంది. అన్నం గోరువెచ్చగా ఉన్న ఆ నాలుగైదు గంటల్లో స్పోర్లు మేల్కొని, పెరిగి, సెరులైడ్ అనే విషాన్ని వదులుతాయి. మర్నాడు అన్నం వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ విషం పోదు. 121 డిగ్రీల్లో గంటన్నర ఉంచినా దాని శక్తి తగ్గదని పరిశోధనలు చెబుతున్నాయి. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి.

డబల్ కా మీఠా, ఖుబానీ మీద వేసే మలాయిది ఇంకో కథ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో కూడా నూటికి ఇరవై, ముప్పై మంది ముక్కులో స్టఫైలోకాకస్ ఆరియస్ ఉంటుంది. ముక్కు తుడుచుకున్న చేతి నుంచి, వేలి మీద పుండు నుంచి అది మలాయిలోకి చేరుతుంది. ఉప్పుకూ చక్కెరకూ అంతగా లొంగదు. దాని విషం కూడా మరగబెడితే పోయేది కాదు. వండినవాడు శుభ్రంగా వండినా, వడ్డించినవాడి చెయ్యి చాలు.

హలీం మీద వచ్చే అపవాదును ఈ వెలుగులో చూడాలి. గోధుమ, పప్పులు, మాంసం కలిపి మట్టి, ఇటుకల భట్టీ మీద పది, పన్నెండు గంటలు ఉడికిస్తారు. ఇద్దరు మనుషులు పొడుగాటి ఘోట్నీలతో దాన్ని దంచుతూనే ఉంటారు. స్పోర్లు తప్ప, అంతసేపు ఆ వేడిని తట్టుకుని మిగిలే రోగక్రిములు దాదాపు లేవు. దేగ్ కింద నిప్పు ఉన్నంతవరకు హలీం చార్మినార్ చుట్టుపక్కల దొరికే తిండ్లలో అన్నిటికంటే నమ్మదగినది. నమ్మకం సడలేది ప్లేటులోకి వచ్చాక. మీద చల్లే కొత్తిమీర, పుదీనా, పక్కన పెట్టే ఉల్లి చక్రాలు, నిమ్మచెక్క ఏవీ వండినవి కావు. వాటిని కడిగిన నీళ్లు ఎక్కడివి, కోసిన కత్తి అంతకుముందు దేన్ని కోసింది అన్నదే లెక్క. ఇఫ్తార్ వేళ కట్టించుకున్న పార్సిల్‌ను వంటింటి గట్టు మీద ఉంచి తెల్లవారుజామున సహరీలో తింటే, మధ్యలో గడిచే ఎనిమిది, తొమ్మిది గంటలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి.

పచ్చి ముక్కల మీద ఈ అనుమానం ఊహ కాదు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హైదరాబాద్ వీధుల్లో తిండితో పాటు ఇచ్చే క్యారెట్, ఉల్లి ముక్కలను పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. స్టఫైలోకాకస్, సాల్మొనెల్లా, ఈ కోలి మూడూ వాటిలో కనిపించాయి. బండి మీద వండిన కూర కంటే, దానికి తోడుగా ఉచితంగా వచ్చే ఉల్లి ముక్కను అనుమానించడం మేలన్నమాట. గంటల్లో పట్టే విషాల మీద శాస్త్రం తేల్చింది సూటిగా ఉంది. తిండిని 60 డిగ్రీలకు పైనైనా ఉంచాలి, 5 డిగ్రీలకు దిగువనైనా ఉంచాలి. ఆ రెంటి మధ్య గడిచే ప్రతి గంటా క్రిమికి లాభం.

రోజుల లెక్క

2024 అక్టోబరులో బంజారాహిల్స్ నందినగర్ దగ్గర మోమోలు తిన్న పలువురు జబ్బు పడ్డారు, ఒక మహిళ చనిపోయింది. అక్టోబరు 30న రాష్ట్ర ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. ఆ నిర్ణయం వెనకున్న శాస్త్రం పాతదే. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా ఉండొచ్చు, మయొనైజ్‌ను ఉడికించరు, బండి మీద ఫ్రిజ్ ఉండదు. షవర్మా, మండీ దుకాణాలు బార్కస్ నుంచి టోలీచౌకీ దాకా పెరిగాక ఆ తెల్లటి చట్నీ ప్రతి ప్లేటులోకీ వచ్చింది.

సాల్మొనెల్లా ఆరు గంటల నుంచి మూడు రోజుల్లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. శుక్రవారం తిన్నదానికి ఆదివారం జ్వరం వస్తే శనివారం భోజనం మీద నింద పడుతుంది. పైగా ఆదివారం నాటికి శుక్రవారపు చట్నీ మిగిలి ఉండదు, మోరీలో కలిసిపోయి ఉంటుంది. ఆహార భద్రత అధికారి వచ్చి తీసుకునే నమూనా వేరే రోజుది. అది శుభ్రంగా ఉందని తేలినా, లేదని తేలినా, రోగి తిన్నదాని గురించి చెప్పేది తక్కువే.

నీళ్ల ద్వారా వచ్చే జబ్బుల్లో, అందరూ ఒకేసారి పడితే తప్ప, ఈ చిక్కు మరీ ఎక్కువ. 2009 మేలో ముషీరాబాద్ పక్క భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్లు తాగి డజను మందికి పైగా చనిపోయారు, వందల మంది దవాఖానాల పాలయ్యారు. అక్కడ ఎవరూ హోటల్‌ను అనుమానించలేదు, ఎందుకంటే ఇంటింటా ఒకేసారి పట్టింది. మనుషులు గుంపుగా పడిపోతే కారణం త్వరగా తేలుతుంది. అక్కడొకరు, ఇక్కడొకరు పడితే తేలదు. వారాల లెక్క అక్కడ మొదలవుతుంది.

వారాల లెక్క

2005 వేసవిలో పాతబస్తీలో కామెర్లు వ్యాపించాయి. నల్లకుంట ఫీవర్ దవాఖానాకు, ఊరివాళ్లు ఇప్పటికీ కోరంటి అని పిలిచే చోటికి, రోగుల తాకిడి పెరిగింది. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థకు చెందిన మనోజ్ ముర్హేకర్, మరికొందరు కలిసి చేసిన అధ్యయనం 2009లో అచ్చయింది. మార్చి నుంచి ఆగస్టు వరకు 1,611 మంది రోగుల జాబితా తయారు చేశారు. రక్తపరీక్షలు హెపటైటిస్ ఇ వైరస్ అని చెప్పాయి. హైదరాబాద్ వైద్యుల మరో బృందం 2007లో ప్రచురించిన వ్యాసం కూడా అదే వైరస్‌ను చూపించింది. ఇక్కడిదాకా ప్రయోగశాల పని. కారణం తేల్చింది మాత్రం పటం. రోగుల ఇళ్లను గుర్తు పెట్టి, తాగునీటి పైపుల దారిని దాని మీద వేసి చూస్తే, మురికి నాలాలను దాటుకుంటూ పోయే పైపుల నీళ్లు అందే బస్తీల్లో రోగులు గుంపులుగా తేలారు.

హెపటైటిస్ ఇ ఒంట్లోకి చేరిన రెండు నుంచి తొమ్మిది వారాలకు గానీ కళ్లు పచ్చబడవు. జూన్‌లో కామెర్లు వచ్చినవాడు ఏప్రిల్‌లో తాగిన గ్లాసు నీళ్లను గుర్తుపెట్టుకోడు. నిండు నెలల గర్భిణులకు ఈ వైరస్ ప్రాణం మీదికి తెస్తుంది. 1955-56లో ఢిల్లీలో మురుగు తాగునీటి పథకంలోకి చేరి దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. చాలా ఏళ్ల తర్వాత, దాచి ఉంచిన రక్త నమూనాలను పరీక్షిస్తే అదీ ఈ కోవకు చెందినదేనని తేలింది. హైదరాబాద్‌లో అర్ధశతాబ్దం తర్వాత జరిగింది చిన్న ఎత్తున అదే.

మురుగు పైపులోకి ఎలా దూరుతుందో తెలుసుకోవాలంటే నల్లా వచ్చే వేళ ఒక గల్లీలో నిలబడి చూస్తే చాలు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ గంట, రెండు గంటలు. మిగతా వేళంతా పైపు ఖాళీ. నీళ్లు నిండుగా పారుతున్నప్పుడు లోపలి ఒత్తిడి వల్ల చిల్లు నుంచి నీళ్లు బయటికే కారతాయి. సరఫరా ఆగాక ఆ చిల్లు చుట్టూ తడిసిన మట్టిలోని మురుగు లోపలికి జారుతుంది. నీళ్లు రాగానే ఇంటింటా మోటారు నేరుగా పైపుకే బిగిస్తారు. ఒక మోటారు గుంజితే పక్కింట్లో ధార సన్నబడుతుంది, వాళ్లూ మోటారు వేస్తారు. అన్నీ కలిసి గుంజేసరికి పైపులో ఒత్తిడి బయటికంటే తక్కువకు పడి, నాలా పక్కనున్న ప్రతి కీలూ మురుగును లోపలికి పీలుస్తుంది. మొదటి అయిదు నిమిషాల నీళ్లు పసుపుగా, వాసనగా వస్తాయని ఆడవాళ్లకు తెలుసు. బకెట్ పక్కకు జరిపి ఆ నీళ్లను మోరీలోకి వదిలేస్తారు. తర్వాత తేటగా వచ్చేవాటిని పట్టుకుంటారు. కంటికి తేటగా ఉన్నంత మాత్రాన వైరస్ లేనట్టు కాదు. చిట్టచివరి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. అది మిగిలిందో లేదో చెప్పేది చిన్న గాజు గొట్టంలో రెండు చుక్కల మందు వేస్తే వచ్చే పసుపు రంగు.

ఆ నీళ్లే పానీపూరీ కుండలోకి, చెరుకురసంలో వేసే ఐసులోకి, పుదీనా కడిగే బకెట్‌లోకి పోతాయి. అందుకే తిండి కల్తీ, నీటి కాలుష్యం అని రెండు శాఖలుగా విడదీసి చూసే పద్ధతి ఆఫీసుకు సరిపోతుంది గానీ కడుపుకు సరిపోదు.

టైఫాయిడ్‌దీ వారాల లెక్కే. ఒంట్లో చేరాక బయటపడడానికి ఒకటి నుంచి మూడు వారాలు. గల్లీ క్లినిక్‌లో జ్వరం అనగానే వైడాల్ పరీక్ష రాస్తారు. పాత జబ్బుకూ, వేరే జబ్బుకూ కూడా పాజిటివ్ చూపగల పరీక్ష అది. నమ్మదగిన బ్లడ్ కల్చర్ కూడా అసలు రోగుల్లో సగం, సగానికి కొంచెం పైగా మందినే పడుతుంది, దానికీ రెండు మూడు రోజులు ఆగాలి. ఆగరు. యాంటీబయాటిక్ మొదలవుతుంది. జబ్బు ఏదో తేలకుండానే తగ్గుతుంది లేదా ముదురుతుంది. లెక్కలో మాత్రం ఎక్కడా చేరదు.

అలా వాడిన మందుల ఫలితం ఎటు పోతుందో మన ఊరి పేరే ఉన్న ఇంకో ఊరు చూపించింది. 2016 చివర్లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో, అయిదు తరగతుల మందులకు లొంగని టైఫాయిడ్ మొదలై కరాచీకి పాకింది. అక్కడి పరిశోధకులు కూడా తాగునీటిలో మురుగు కలవడాన్నే వేలెత్తి చూపారు. ఆ దేశం 2019లో టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చుకుంది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. ఆ టీకా తయారయ్యేది మన హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో, భారత్ బయోటెక్ సంస్థలో. నేపాల్, మలావీ, బంగ్లాదేశ్ పిల్లల్లో జరిగిన పెద్ద పరీక్షల్లో అది సుమారు 80 శాతం రక్షణ ఇచ్చింది. చాంద్రాయణగుట్ట పిల్లలకు మాత్రం ఇది ఎక్కువగా డబ్బు పెట్టి వేయించుకునే టీకాగానే ఉంది.

ఏళ్ల లెక్క

1974 శీతాకాలం మొదట్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో కామెర్లు, పొట్ట ఉబ్బరం వచ్చి మనుషులు చనిపోతున్నారన్న కబురు తార్నాకకు చేరింది. పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, రమేశ్ భట్, నాగరాజన్, తిలక్ వెళ్లారు. 397 మంది జబ్బు పడ్డారు, 106 మంది చనిపోయారు. వైరస్ అయితే ఇంటి కుక్కలకు ఎందుకు వస్తుంది? ఆ ఇళ్లలో కుక్కలు కూడా పొట్టలు ఉబ్బి చచ్చాయి. అవి తిన్నదీ ఆ ఇంటి మొక్కజొన్న రొట్టెలే. అకాల వర్షాలకు తడిసి, సరిగా ఆరకుండా ఇంట్లో నిల్వ చేసిన కంకులకు బూజు పట్టింది. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. 1975లో లాన్సెట్‌లో వచ్చిన ఆ వ్యాసం ప్రపంచమంతా ఇప్పటికీ ఉటంకించేది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2004లో, కెన్యాలో అదే మొక్కజొన్న, అదే బూజు 125 మందిని బలితీసుకున్నాయి.

ఇంత మోతాదు అరుదు. రోజూ కొద్దికొద్దిగా వచ్చేదే మనకు ముఖ్యం, ఎందుకంటే అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌ను తెచ్చే పదార్థమని ఎప్పుడో రుజువైంది. బూజు పట్టిన వేరుసెనగ చెక్క, పత్తిగింజల చెక్క గేదె తింటే, దాని ఒంట్లో ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. మరగబెట్టినా పోదు. 2018లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. మనం భయపడే యూరియా, డిటర్జెంట్ లాంటి కల్తీలు 12 నమూనాల్లో దొరికాయి. వాటిలో ఎక్కువ తెలంగాణవే కావడం వేరే సిగ్గు. అఫ్లటాక్సిన్ మాత్రం 368 నమూనాల్లో పరిమితి దాటింది. కల్తీ చేసేవాడు దొంగ కాబట్టి దొరికితే మనకు కోపం వస్తుంది. పశువుల కొట్టంలో తడిసిన చెక్కను ఆరబెట్టని నిర్లక్ష్యానికి ముఖం లేదు కాబట్టి కోపం రాదు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేరుసెనగలో ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో పట్టే ఎలీసా కిట్‌ను చాన్నాళ్ల కిందటే తయారు చేశారు. పాడి రైతు చెక్క కొనే దుకాణం దాకా ఆ పరీక్ష రావడమే మిగిలింది.

గేదె తినేది చెక్క ఒక్కటే కాదు. మూసీ పొడుగునా, ఊరు దాటిన దగ్గర్నుంచి, మురుగునీళ్లతో పెరిగే పారా గడ్డి పచ్చగా కనిపిస్తుంది. తెల్లవారుజామున మోపులు కట్టి, ఆటోల్లో నగరం లోపలి పాడి కొట్టాలకు తెస్తారు. ఆ గడ్డిలో సీసం, కాడ్మియం లాంటి భార లోహాలు చేరుతున్నాయని ఇక్కడి వ్యవసాయ పరిశోధకులు చూపించారు. అదే నీళ్లతో పాలకూర, తోటకూర, పుదీనా, కొత్తిమీర కూడా పండుతాయి. అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థతో కలిసి పనిచేసిన జెరోన్ ఎన్సింక్ బృందం 2008లో మూసీ రైతుకుటుంబాలను పరీక్షించి, శుద్ధి కాని మురుగులో పనిచేసేవాళ్లకు నులిపురుగులు, కొంకిపురుగుల బెడద బాగా ఎక్కువని చెప్పింది. అదే బృందం 2010లో ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. నది మీద పాతకాలం నుంచి ఉన్న చిన్న ఆనకట్టల దగ్గర నీళ్లు నిలిచి, పురుగుల గుడ్లు అడుగుకు దిగి, నలభై కిలోమీటర్లు పోయేసరికి నీటి నాణ్యత చాలా మెరుగుపడుతోంది. నదికి కొంత వ్యవధి, కొంత నిలకడ ఇస్తే క్రిముల్ని చాలావరకు అదే వదిలించుకుంటుంది. లోహాలు మాత్రం మట్టిలో, గడ్డిలో ఉండిపోతాయి.

రంగుల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. పోషకాహార సంస్థ 2004లో హైదరాబాద్‌లో పిల్లలు, పెద్దలు తినే కృత్రిమ రంగుల మోతాదు లెక్కగట్టింది. చట్టం అనుమతించిన టార్ట్రజీన్, సన్‌సెట్ యెల్లో, ఎరిత్రోసిన్‌లనే కొందరు రోజువారీ సురక్షిత పరిమితికి మించి తింటున్నారని తేలింది. మిఠాయిలో కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదన్నది చట్టం. చెంచాతో అందాజుగా వేసేవాడి చేతిలో ఆ లెక్క నిలవదు. మామిడిని మాగబెట్టే కార్బైడ్ మీద ఉమ్మడి హైకోర్టు 2015లో తనంతట తానే విచారణ చేపట్టింది. మరుసటి ఏడాది ఇథిలీన్ వాయువుకు అనుమతి వచ్చింది. కార్బైడ్‌లోని ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడల వల్ల ముందు ముప్పు ఆ పొడిని చేత్తో ముట్టే గోదాం కూలీకే.

సీసం విషయంలో బంగ్లాదేశ్ అనుభవం మనకు పనికొస్తుంది. పసుపుకు మెరుపు రావడానికి సీసం ఉండే లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని 2019లో బయటపడ్డాక, అక్కడి ప్రభుత్వం చిల్లర కొట్ల వెంట పడలేదు. టోకు మార్కెట్‌లో చేతిలో పట్టుకునే ఎక్స్‌రే యంత్రంతో పరీక్షించి, అక్కడికక్కడే జరిమానా వేసి, పత్రికల్లో వేయించింది. 2019లో సగానికి దగ్గరగా ఉన్న సీసపు నమూనాలు 2021కల్లా సున్నాకు వచ్చాయి. నగరానికి మసాలా దినుసులు టోకున పోయేది బేగంబజార్ నుంచే. వెయ్యి కిరాణా కొట్లు తిరగనక్కర్లేదు, ఆ ఒక్క బజారులో నిలబడితే చాలు.

దాడి పట్టేది, దాడికి దొరకనిది

1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చి, 2011 ఆగస్టు నుంచి అమలవుతోంది. 2024 వేసవి నుంచి రాష్ట్ర అధికారులు హోటళ్ల మీద వరస దాడులు చేసి, ఫొటోలు ఎక్స్‌లో పెట్టడం మొదలుపెట్టారు. గడువు తీరిన ప్యాకెట్లు, మూతల్లేని డబ్బాలు, బొద్దింకలు, రంగు పొట్లాలు. ఇవన్నీ పట్టాల్సినవే. వంటిల్లు శుభ్రపడితే గంటల లెక్కలోని జబ్బులు తగ్గుతాయి. వారాల లెక్కకూ, ఏళ్ల లెక్కకూ ఫొటో దొరకదు. నమూనా ప్రయోగశాలకు చేరాక విశ్లేషకుడు నివేదిక ఇవ్వడానికి చట్టమే 14 రోజుల గడువు ఇచ్చింది. రంగుకు, సీసానికి అది సరిపోతుంది. నిన్నటి చట్నీకి సరిపోదు.

శాస్త్రం పుకారునూ అణచగలదు. 2016లో నగరంలో పేరున్న బిర్యానీ హోటల్ ఒకదానిలో కుక్కమాంసం వాడుతున్నారని వాట్సాప్‌లో పుకారు లేచింది. అది అబద్ధమని పోలీసులు తేల్చేలోపే వ్యాపారం దెబ్బతింది. ఏ మాంసం ఏ జంతువుదో డీఎన్ఏతో చెప్పే పద్ధతిని సీసీఎంబీలో లాల్జీ సింగ్, సునీల్ కుమార్ వర్మ 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే తయారు చేశారు. ఉడికించిన మాంసం మీదా పనిచేసే పద్ధతులు చెంగిచర్లలో ఉన్నాయి. పాతబస్తీ తిండి మీద అనుమానం చాలాసార్లు తిండిని బట్టి కాక తినేవాళ్లను బట్టి పుడుతుంది. అలాంటి అనుమానానికి రెండు రోజుల్లో జవాబు చెప్పగల పరీక్ష ఊళ్లోనే ఉండి, జనానికి దాని సంగతి తెలియకపోవడం నష్టం.

పరిశోధనల్ని వరసగా పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. 1974లో ఎవరు ఏం తిన్నారు, కుక్కలు ఏం తిన్నాయి అని ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న జాబితా దారి చూపింది. 2005లో రోగుల చిరునామాలు, పైపుల పటం దారి చూపాయి. రెండుచోట్లా ప్రయోగశాల చేసింది ముద్ర వేయడమే. మన దగ్గర ముద్ర వేసే యంత్రాలు ఉన్నాయి. జాబితా రాసే పనే ఎప్పుడో ఒకసారి, మనుషులు పోయాక జరుగుతోంది.

ఈ సమీక్షంతా చివరికి తేల్చేది ఇదే. కోరంటి, ఉస్మానియా దవాఖానాల్లో వారం వారం చేరే కామెర్ల, టైఫాయిడ్ రోగుల బస్తీ పేర్లు ఒక కాగితం మీద ఉంటాయి. మురికి నీళ్లొస్తున్నాయన్న ఫిర్యాదులు, క్లోరిన్ అందని నల్లాల వివరాలు జలమండలి దగ్గర ఉంటాయి. ఆహార నమూనాల ఫలితాలు నాచారం ప్రయోగశాలలో ఉంటాయి. మూడు కాగితాలూ మూడు శాఖల్లో ఉన్నంతకాలం ఏదీ ఏమీ చెప్పదు. మూడింటినీ ప్రతి సోమవారం ఒకే బల్ల మీద పరిచి, ఒకే పటం మీద చుక్కలు పెడితే, 2005లో ఆరు నెలలు నడిచిన వ్యాప్తి రెండో నెలలోనే కంటపడే వీలుంది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. ఈ ఊళ్లోనే ఒకసారి చేసి చూపించిన పని ఇది. దాన్ని వారం వారం చేసే బాధ్యత ఫలానా అధికారిదని ఒక ఉత్తర్వులో రాసి, ఆ పటాన్ని బస్తీ జనం చూసేలా పెట్టాలి.